టైం పెట్టనిది నేను

ఈ మధ్య బీజాపూర్‌లో బడుల కంప్యూటర్ల పని గురించి సభ పెట్టి నాకు శాలువా కప్పారు. మొదటి ప్రదర్శన ఒక స్థానిక అమ్మాయి అశ్రద్ధ వల్ల చెడిందనీ, నేను వెంటనే చక్కదిద్దాననీ మైకులో చెప్పారు. అది అబద్ధం. పుట్టింది నా నోట్లోనే. దాన్ని శాలువా కప్పుకొని విన్నందుకు ఇప్పటికీ ఒళ్లు మండుతోంది.

ఆ అమ్మాయిది బాసగూడ. ఇంట్లో తన ఆదివాసీ భాష దోర్లీ, సంతలో తెలుగు, కాలేజీలో హిందీ. ఎవరైనా ఉచితంగా తీసుకుని మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ ఒకదాన్ని మేమిద్దరం బడుల్లోని పాత కంప్యూటర్లకు సరిపోయేలా కట్టాం. ఆమె రాకముందు దాని సోర్స్ కోడ్ నా చేతిలో పెంటకుప్పలా ఉండేది. అసలు ఫైళ్లూ నేను మార్చినవీ కలగాపులగం. సిస్టమ్‌కు గుండెకాయలాంటి కెర్నల్ ఒకచోట, లైబ్రరీలు ఒకచోట, మేం మార్చినవి విడిగా మరోచోట పెట్టి సర్దింది ఆమే. హిందీ నుంచి తెలుగుకు మారే మీట నొక్కితే కీబోర్డు బిగుసుకుపోయేది. ఆ లోపం ఎక్కడుందో పట్టుకున్నదీ ఆమే.

మేం పనిచేసే కంప్యూటర్‌లో గడియారాన్ని నడిపే బిళ్ల సెల్లు ఎప్పుడో చచ్చింది. కరెంటు పోయి వస్తే తేదీ ఏళ్లకేళ్లు వెనక్కి పోయేది. నెట్ ఉంటే అదే సరిచేసుకునేది గానీ, మాకు నెట్ వచ్చిన రోజే పండగ. అందుకని, కరెంటు రాగానే కుర్చీలో ఉన్నవాళ్లు ఫోన్ చూసి టైం పెట్టాలని అలవాటు చేసుకున్నాం. ఎందుకంటే బిల్డ్ చేసే, అంటే కోడ్ ఫైళ్లన్నిటినీ కలిపి సిస్టమ్‌గా కట్టే ప్రోగ్రామ్ ఫైళ్ల తేదీలు చూస్తుంది. కిందటి బిల్డ్ తర్వాత మారిన వాటినే మళ్లీ కంపైల్ చేస్తుంది, అంటే యంత్రానికి అర్థమయ్యే రూపంలోకి మారుస్తుంది. తేదీ పాతదైతే, ఏమీ మారలేదనుకుని దాటిపోతుంది.

ప్రదర్శనకు ముందు రోజు మధ్యాహ్నం కరెంటు పోయి వచ్చింది. కుర్చీలో నేనున్నాను. ఆమె భోజనం చేసి వచ్చి, "సారూ, టైం పెట్టిన్రా?" అని అడిగింది. ఫోన్లో మాట్లాడుతూ తలూపాను. పెట్టలేదు. ఆమె నన్ను నమ్మి, ఆ లోపమున్న కీబోర్డు ఫైలు దిద్ది సేవ్ చేసింది. దాని మీద ఆ చచ్చిన గడియారం తేదీయే పడింది. బిల్డ్ నడిపింది నేను. గడియారంలో తేడా ఉంది, బిల్డ్ అసంపూర్ణం కావచ్చని తెర మీద హెచ్చరిక వచ్చింది. చదివాను. అన్నీ తుడిచి మొదట్నుంచి కడితే రోజంతా పడుతుందని వదిలేశాను. మీట నొక్కి చూసే ఓపిక కూడా లేకపోయింది.

మర్నాడు ప్రదర్శనలో, ఈ పని మాకు అప్పగించిన సాహెబ్ స్వయంగా ఆ భాష మార్చే మీట నొక్కారు. కీబోర్డు బిగుసుకుంది.

"ఇన్ లోగోంసే నహీ హోగా" అన్నారాయన, ఆమె వైపు చూడకుండానే. వీళ్ల వల్ల కాదట. ఎవరు వీళ్లు? తప్పు చేసినవాణ్ణి ఆయన పక్క కుర్చీలోనే ఉన్నాను.

"దిద్దిన సార్. నేను దిద్దిన." ఆమె నన్ను చూస్తూ అంది.

నాకు హెచ్చరిక గుర్తొచ్చింది. "దిద్దానని చెప్పింది మరి, నమ్మాను" అన్నాను. ఎంత నీచమైన మాట! చెప్పిన మాట నిజమే, నమ్మిన మాటా నిజమే, అయినా అంతా అబద్ధం.

ఆమెను ఇక రావద్దన్నారు. మర్నాడు నేను టైం పెట్టి, పాతవన్నీ తుడిచి, మొదట్నుంచి కట్టాను. ఆమె ఫైల్లో ఒక్క అక్షరం మార్చలేదు. కీబోర్డు చక్కగా నడిచింది. సాహెబ్‌కు ఫోన్ చేసి పనైందన్నాను. ఎలా అయిందో ఆయన అడగలేదు, నేనూ చెప్పలేదు.

సభ అయ్యాక జీపెక్కి బాసగూడ పోయాను. ఆమె ఇంటి ముందు కూర్చుని చింతపండులో గింజలు తీస్తోంది. జరిగిందంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"నా ఫైల్ల తప్పు లేదని నాకెర్కనే సారూ. అది చెప్పనీకి ఇంత దూరమొచ్చిన్రా? అన్నది సాహెబ్ ముందర గదా, ఆడనే చెప్పున్రి. పనికి పిలిస్తే నేనొస్త." ఇంకో గింజ తీస్తూ అడిగింది: "సెల్లు మార్చిన్రా?"

మార్చలేదు. నా మొహం చూసి నవ్వేసింది.

సాహెబ్ దగ్గరికి పోయి చెప్పాను. ఛోడియే, వదిలేయండి, అయిందేదో అయిందన్నారు. ఏమైంది? ఆయనకేమీ కాలేదు, నాకు శాలువా వచ్చింది, ఆమెకు పని పోయింది. శాలువా ఆయన బల్ల మీదే వదిలేసి వచ్చాను.

సెల్లు మార్చాను. ఆమెను మాత్రం సాహెబ్ వాళ్లు ఇంకా పనికి పిలవలేదు. సాహెబ్ ఒక్కరికి చెబితే చాలలేదు కాబట్టి, అందరూ చదివేలా రాస్తున్నాను.