మా జట్కా గుర్రం పంటి గాటు

ఇవాళ పెళ్ళి ఊరేగింపులో గుర్రాన్ని చూడగానే నా భుజం మీది పాత గాటు సలిపింది.

సత్తెనపల్లి జట్కాలు గుర్తున్నాయా, నేస్తాలూ? ఆటోలొచ్చాక మా నాన్న జట్కా మూలపడింది. గుర్రం మాత్రం మిగిలింది, పొగరుతో సహా. రోజూ నేనెక్కేదాన్ని, అది పడేసేది. తిట్టుకుంటూ మళ్ళీ ఎక్కి, నాన్నలాగే "బస్టాండ్! బస్టాండ్!" అని అరిస్తేనే, పత్తిచేలో అయినా సరే, అడుగు కదిపేది.

ఒకరోజు పెళ్ళిళ్ళకి గుర్రాలు తిప్పే ఆయన బేరానికొచ్చి, ఎక్కీ ఎక్కగానే డొక్కలో తన్నాడు. మరుక్షణం ఎండబోసిన మిరపకాయల్లో బోర్లా పడ్డాడు.

"ఇది గుర్రమా, దెయ్యమా?" అన్నాడు తుమ్ముతూ.

"నువ్వే చెడగొట్టావే దీన్ని!" అని నాన్న నామీద విరుచుకుపడ్డాడు.

నన్ను తప్ప ఎవర్నీ మోయదన్నమాట! పొంగిపోయి దాని మెడ నిమిరాను.

ఈ గాటు అప్పటిదే.