అధ్యక్షులవారి ముఖమూ పాల బటనూ

మా అక్క సేవాసంస్థలకు వెబ్‌సైట్లు తయారుచేస్తుంది. ఆ సైట్లలో ముందు సేవ చేసేవాళ్ళ ఫొటోలుంటాయి, తర్వాత వాళ్ళ సందేశాలుంటాయి, ఇంకా చోటు మిగిలితే సేవ ఉంటుంది.

అక్క పద్ధతి వేరు. సైటు వాడబోయేవాళ్ళ అవస్థ ఏదో, ఆ అవస్థలోనే ఒకరిని కూర్చోబెట్టి పరీక్షిస్తుంది. చూపు మందగించినవాళ్ళ సంఘానికి పనిచేసినప్పుడు మా బావ కళ్ళద్దాలకు నూనె రాసింది. ఆయన అవే పెట్టుకుని ఆఫీసుకెళ్ళి వచ్చాడు. తేడా తెలియలేదట.

ఈసారి పని తల్లిపాల బ్యాంకుది. నెలలు నిండకుండా పుట్టిన పిల్లలకు పాలు ఇప్పించే సంస్థ. ‘పాలు కావాలి’ అనే బటన్‌ను అక్క అన్నిటికంటే పైన పెట్టింది. అధ్యక్షుడు చూసి తన ఫొటో కాస్త పెద్దది చేయమన్నాడు. మర్నాడు ఇంకో ఫొటో పంపాడు. ఆ పై వారం సందేశం పంపాడు. ఒక్కొక్కటి చేరినప్పుడల్లా బటన్ కిందికి జారింది.

అక్క ఆసుపత్రి వార్డుకు వెళ్ళి తల్లుల చేతికి ఫోనిచ్చి చూసింది. ఒకావిడ మొహం మీదే అడిగేసింది: “ఈ పెద్దాయన్ని దాటీ దాటీ వేలు నొప్పెడుతోంది. పాలిచ్చేది ఈయనేనా ఏంటి?”

ఈ మాట చేరవేస్తే అధ్యక్షుడు నవ్వాడు. “వాడేవాళ్ళ అభిప్రాయం నేనూ తీసుకున్నానమ్మా. అందరూ అద్భుతమన్నారు.” ఆ అందరూ ఎవరంటే ఆయన ఇద్దరు కోడళ్ళు, డ్రైవరు.

ప్రారంభోత్సవం దగ్గరపడింది. అది అయిపోతే ఇక ఆయన సైటు మీద ఎవర్నీ చెయ్యి పెట్టనివ్వడు. అందుకని ఆఖరి సమావేశానికి అక్క మా పాపను ఎత్తుకుపోయింది. మెడ సరిగా నిలవని పిల్లను కమిటీకి అప్పగించి ఇంట్లో కూర్చునే గుండె నాకు లేదు. వెంటపడ్డాను.

“సార్, పాపను ఎడమచేత్తో పట్టుకోండి. కుడిచేత్తో పాలు అడగండి.”

“ఎవర్ని?”

“మీ సైటునే సార్.”

“మెడ సార్, మెడ,” అన్నాను నేను.

పాప ఆయన ముఖం ఒకసారి చూసి రాగం అందుకుంది. ఆయన బొటనవేలితో తెర జరపసాగాడు. రిబ్బను కత్తిరిస్తూ ఆయన. మైకు ముందు ఆయన. పసిబిడ్డను ఎత్తుకుని ఆయన. ఆ ఫొటోలో బిడ్డ మాత్రం ఏడవడం లేదు. తర్వాత సందేశం. దాని మీద వేలు తగిలి అది మరింత పొడుగైంది. ఈలోగా మా పాప ఆయన చొక్కా తడిపింది.

“బటన్ ఎక్కడ పెట్టావమ్మా?”

“నేను పైనే పెట్టాను సార్. మీరే దాన్ని నెట్టుకుంటూ కిందికి తీసుకెళ్ళారు.”

“సార్ ఫొటో కిందికి పోతే సంస్థ పరువేం కాను?” అన్నాడు కార్యదర్శి. అధ్యక్షుడు పాపను నాకిచ్చి చొక్కా తుడుచుకున్నాడు.

“బటన్ పైకి తే. నా ఫొటో మాత్రం కదపడానికి వీల్లేదు.”

“అలాగే సార్. ఫొటోనే బటన్ చేసేస్తాను.”

ఆ ఏర్పాటు ఆయనకు బ్రహ్మాండంగా నచ్చింది. ఇప్పుడు పాలు కావాలంటే ఆయన ముఖం నొక్కాలి. రోజూ ఎందరో నొక్కుతున్నారని తెలిసి, జనానికి తనమీద ఉన్న అభిమానం గురించి సభల్లో చెప్పుకుంటున్నాడు.

అక్క మళ్ళీ వార్డుకు వెళ్ళింది. అప్పుడు వేలు నొప్పెడుతోందన్న ఆ తల్లే ఇలా రాసిచ్చింది: “ఇప్పుడు ఎవర్నీ అడగక్కర్లేదు. ఆయన ముక్కు మీద నొక్కితే పాలొస్తున్నాయి. గట్టిగా నొక్కితే తొందరగా వస్తాయా?”

అక్క దాన్ని ఉన్నదున్నట్టు అధ్యక్షుడికి పంపింది. ఆయన దాన్ని కూడా సైటులో పెట్టమన్నాడు, తన ఇంకో ఫొటో పక్కన.