ఈలిస్ లారీకి నేను బిగించిన ఇత్తడి ముక్కు

హౌకి సరస్సు చుట్టుపక్కల నా చేతిలో బాగుపడని బండి లేదు. ఊరి బడిలో ఆరో తరగతితో సరిపెట్టుకున్నవాణ్ణి. అయినా ఇరవై ఆరేళ్ళు కలప లారీ నడిపాను. మైనస్ నలభై చలిలో ఇంజను విప్పి బిగించాను. ఊరి ఫైరింజన్‌ని మూడుసార్లు బతికించాను. ఇదంతా చెప్పడం మా బావ ఈలిస్ నన్నెందుకు నమ్మాడో మీకు తెలియాలని.

ఈలిస్ నా చెల్లెలు హిల్క భర్త. సరస్సు మధ్య దీవిలో ఇల్లు, పద్నాలుగు ఆవులు. ఎవరి పడవ చెడినా పిలవకుండానే వచ్చి నిలబడే మనిషి. ఆ ఏడు ఏప్రిల్లో దీవిలో గడ్డి అయిపోయింది. సరస్సు మీది మంచుబాట ఇంకో రెండు రోజులు నిలిస్తే గొప్ప. అది విరిగాక పడవ తిరగడానికి మూడు వారాలు పడుతుంది. పశువులు అన్నాళ్ళు బతకవు.

గడ్డి ఎక్కించిన అతని పాత లారీ నా పెరట్లో ఆగింది. రేడియేటర్ అడుగున, గొట్టం తగిలించే ఇత్తడి ముక్కు దగ్గర నీళ్ళు కారుతున్నాయి.

"ఏం బావా, నీ లారీ సౌనా ఆవిరిగదిలో కూర్చున్న ముసలాడిలా చెమటలు కక్కుతోందే!" అన్నాను.

"దాని వయసు నీకన్నా తక్కువేలే. నోరు కాదు, చెయ్యి ఆడించు. కొత్త ముక్కు పట్నం నుంచి రావాలంటే నాలుగు రోజులట."

"నార ఉండగా పట్నం దాకా ఎందుకు?"

ఇళ్ళలో నీటి గొట్టాలకు మేం చేసేది అదే. మరలకు అవిసె నార చుట్టి, రంగు పూసి బిగిస్తాం. నార తడికి ఉబ్బి సందు మూసేస్తుంది. అలాగే చేశాను. ఇంకా కాస్త చెమ్మ కనబడితే పానా మీద బలం వేశాను. లోపల టిక్కుమంది. ఇనుప గొట్టం ఆ బలానికి ఓర్చుకుంటుంది. రేడియేటర్ పల్చటి ఇత్తడి తొట్టికైతే ముక్కును అతికిన టంకం చిట్లుతుంది. ఆ సంగతి నాకు తెలుసు. కానీ చుక్క ఆగింది.

"ఏదో చప్పుడైందే?" అన్నాడు ఈలిస్.

"పానా జారింది. నా చేతి పని ఊడేది కాదు గాని, నువ్వు బయల్దేరు."

మంచు మీద, దూకడానికి వీలుగా లారీ తలుపులు తెరిచిపెట్టి, నెమ్మదిగా, ఎక్కడా ఆగకుండా పోవాలి; ఆగితే బరువుకు మంచు కుంగుతుంది. మంచు కరిగే ఏప్రిల్లో అయితే మరీను. ఒడ్డున నిలబడి చూస్తున్నాను. సగం దాటాక బానెట్ కింద నుంచి ఆవిరి లేచింది. లారీ ఆగింది. వేడికి ఇంజను పట్టేస్తే గడ్డి చేరదనుకున్నాడో ఏమో, నీళ్ళు పోయడానికి బకెట్ పట్టుకుని దిగి ముందుకు వచ్చాడు.

"వదిలేసి పరిగెత్తు బావా!" అని అరిచాను. అంత దూరం ఎలా వినబడుతుంది? ముందు చక్రాలు దిగబడ్డాయి. లారీతో పాటే అతనూ పోయాడు.

గొయ్యికి దూరంగా చుట్టు తిరిగి దీవికి నడిచాను. హిల్క పశువుల కొట్టం గడపలో ఉంది. జరిగింది చెప్పాను. ఆ చప్పుడు సంగతి కూడా దాచలేదు.

"విన్నావా? విని కూడా పంపావా అన్నయ్యా?"

"పంపానమ్మా."

లోపల ఆవులు అరుస్తున్నాయి. హిల్క అటు తిరిగింది.

"ముందు వీటికి గడ్డి మోసుకురా. తర్వాత నా గడప తొక్కకు."

నా కొట్టంలోని గడ్డి అరవై మూడు మోపులు, మంచు మీద చేత్తో లాగే స్లెడ్జి బండి మీద, మోకాలి లోతు నీరు నిలిచిన మంచు మీదుగా రెండు రోజుల్లో ఒక్కణ్ణే చేర్చాను. ఒక్క ఆవు కూడా చావలేదు. మూడో రోజు మంచు విరిగింది. హిల్క ఇంకా పంతొమ్మిదేళ్ళు బతికింది. ఆ దీవికి నేను మళ్ళీ వెళ్ళలేదు.