గంధం బొట్టూ, గరాజులో మందూ

ఒక ఆదివారం గుడిలో ప్రసాదం వడ్డిస్తున్న పెద్దావిడ మా వారిని అడిగిందట, "మీ ఆవిడ రాలేదేం?" అని. ఆయన పులిహోర అందుకుంటూ తాపీగా, "గరాజులో మందు కొలుస్తోందండీ" అన్నారు. ఆవిడ గరిటె గాలిలోనే ఆగిపోయింది. మరుసటి వారం నన్ను పక్కకు పిలిచి, చెయ్యి పట్టుకుని, "ఏ కష్టం వచ్చినా నాతో చెప్పుకో తల్లీ, లోపల పెట్టుకుని ఇలా అలవాటు చేసుకోకు" అంది. అది తాగే మందు కాదు, తుపాకీ మందు అని చెప్పాను. పాపం, ఇంకా భయపడింది.

నవ్వు ఆపుకోలేక చెప్పులు తారుమారుగా వేసుకుని కారెక్కాను.

మాది అమెరికాలో ఫ్రిస్కో అనే ఊరు. మా వారి ఆఫీసులో పనిచేసే ఒకాయనకి తూటాలు చేత్తో తయారుచేసుకునే పిచ్చి. కరీంనగర్ వైపు మనిషి. నేను అన్నయ్యా అంటాను, ఆయన చెల్లె అంటాడు. మాకు ఈ విద్య అంటించింది ఆయనే. పేలిపోయిన ఇత్తడి తొడుగును శుభ్రం చేసి, అడుగున నిప్పు రాజేసే కొత్త ప్రైమర్ బిళ్ల నొక్కి, మందు తూచి పోసి, పైన ఎగిరివెళ్లే మొనను, అంటే బుల్లెట్‌ను, కూర్చోబెట్టాలి. అంతే. దుకాణంలో కొన్నవి దగ్గరి గురికి బాగానే పనిచేస్తాయి. వెయ్యి గజాల దూరానికి పంపితే మాత్రం ఒకటి పైకి, ఒకటి కిందికి పోతుంది. ప్రతి తూటాలో మందు ఒకేలా ఉంటేనే అన్నీ ఒకే ఎత్తున వెళ్తాయి. మేము కొట్టేది ఇనుప పలకనే. చీమను కూడా తొక్కకుండా నడవమని నేర్పిన ఇల్లు మాది.

మేము గురి సాధన చేసే రేంజ్‌లో ఒక రేకుల షెడ్డు ఉంది. సొంతంగా తయారుచేసిన తూటాతో ఆ వెయ్యి గజాల పలకను కొట్టినవాళ్లు షెడ్డు గోడ మీద మార్కర్‌తో పేరు రాసుకోవచ్చు. మొదటిసారి ఆ గోడ చూసినప్పుడు పేర్లన్నీ ఒక్కొక్కటే చదివాను. నేను బడికి వెళ్లలేదు. చిన్నప్పుడు ఒంట్లో బాగుండేది కాదని నాన్న ఇంట్లోనే చదువు చెప్పారు. ఆయన దగ్గర మార్కులుండేవి కావు. రెండే మాటలు: "బాగుంది", లేకపోతే "మళ్లీ చెయ్యి". నోటీసు బోర్డు మీద నా పేరు వెతుక్కునే భాగ్యం నాకెప్పుడూ కలగలేదు. ఈ గోడ మీదైనా నా పేరు ఉండాలని ఎంతగా అనిపించిందో! దేవుణ్ణి ఇలాంటివి అడగొచ్చా అని సందేహిస్తూనే అడిగేశాను.

ఆయుధ పూజ రోజున కార్లకు, కుట్టు మిషనుకు, మా వారి లాప్‌టాప్‌కు గంధం, కుంకుమ పెట్టాను. తూటాలు నొక్కే ప్రెస్‌కు పెట్టాను. ఎలక్ట్రానిక్ త్రాసు మీది బుల్లి పళ్లేనికీ అంచున ఇంత గంధం అద్ది దండం పెట్టుకున్నాను. మంచి ముహూర్తమని వెంటనే పనిలో కూర్చున్నాను. ఫ్యాన్ ఆపి, త్రాసును సున్నా చేసి, ఊపిరి బిగబట్టి, పలుకు పలుకుగా మందు పోసి ఒక పెట్టె నింపాను. ఎంత సంతోషంగా ఉందో, పాట కూడా పాడుకున్నాను.

అన్నయ్య వచ్చేసరికి పళ్లెంలో మిగిలిన పలుకులు దులిపి తిరిగి త్రాసు మీద పెట్టాను. ఖాళీ పళ్లెం సున్నా చూపించాలి. మైనస్ చూపించింది.

"అన్నయ్యా, నా పళ్లెం చిక్కిపోయింది!"

ఆయన వంగి చూశాడు. వేలితో అంచును గీరాడు. గంధం పొడిపొడిగా రాలింది.

"ఏంది చెల్లె, త్రాసుకు బొట్టు వెట్టినవా?"

"ఆయుధ పూజ కదా!"

"తడిగున్నప్పుడు సున్నా జేసినవ్. గంధం ఆరుకుంట పోయింది, నువ్వు మందు పెంచుకుంట పోయినవ్. నీ భక్తి పాడుగాను, ప్రతి తూటాల ఎక్కువనే పోసినవ్!"

అని గరాజు నేల మీద కూలబడి నవ్వాడు. మా వారు గోడకు జారబడి నవ్వారు. నాకు ఏడుపు రావాల్సిన చోట నవ్వే వచ్చింది. ఎక్కువ మందు పడ్డ తూటా రైఫిల్‌కీ, పేల్చేవాళ్లకీ ప్రమాదం. ఆ క్షణాన ఖాళీ పళ్లెం నా కంట పడటం కంటే పెద్ద ప్రసాదం ఏముంటుంది?

"ఒకటి రెండు విప్పి చూద్దామా? మిగతావి బానే ఉన్నాయేమో" అన్నారు మా వారు.

"వద్దండీ. అన్నీ విప్పేద్దాం." నాన్న "మళ్లీ చెయ్యి" అన్నట్టే వినబడింది నాకు.

సుత్తిలాంటి ప్లాస్టిక్ పనిముట్టులో తూటాను బిగించి నేలకేసి కొడితే బుల్లెట్ ఊడి వస్తుంది. మా వారు ఠపాఠపా కొడుతుంటే ఎదురింటి కుక్క ప్రతి దెబ్బకూ జవాబిచ్చింది. ఇక పళ్లెం కడగాలి. బొట్టు తుడవడానికి నాకు చేతులు రాలేదు.

"దేవునికి నేను చెప్పుకుంట. నువ్వు కడుగు చెల్లె" అన్నాడు అన్నయ్య.

కడిగి, తుడిచి, ఆరబెట్టాను. ప్రెస్ పిడి మీది బొట్టు మాత్రం ఉంచాను. ఈసారి ప్రతి తూటాకూ సున్నా చూసుకున్నాను. పాట పాడలేదు.

శనివారం రేంజ్‌లో చాప మీద బోర్లా పడుకున్నాను. అన్నయ్య పక్కన దుర్భిణిలో చూస్తున్నాడు. మొదటిది తప్పింది. రెండోది తప్పింది. మూడోదీ అంతే.

"పోయిందా అన్నయ్యా?"

"ఎడమకు పోయినయ్. గని మూడూ ఒక్క ఎత్తుల వడ్డయ్ చెల్లె, గీత గీసినట్టు! నీ మందు పాసయింది. గాలే ఫెయిలయింది!"

గాలికి తగ్గట్టు కుడివైపుకి జరిపి, మనసులో ఒక నామం అనుకుని, మెల్లగా నొక్కాను. రైఫిల్ భుజాన్ని తట్టింది. తరవాత ఏమీ లేదు. గడ్డి ఊగుతోంది. అప్పుడు, ఎక్కడో దూరం నుంచి, చిన్నగా, ఆలస్యంగా వచ్చింది: ఠింగ్.

"అదేనా? అదేనా అండీ?" అని అరిచాను.

"అదేనోయ్!" అని మా వారు గెంతుతుంటే ఆయన టోపీ ఎగిరి అవతల పడింది.

షెడ్డు గోడ మీద తెలుగులోనే రాశాను. అక్షరాలు ఏటవాలుగా వచ్చాయి. ఇంత చిన్న గింజ మందును తూచిన చేతికి అక్కడ ఒక్క గీత తిన్నగా రాలేదు.

"ఇంటిపేరు గూడ రాయి చెల్లె, జాగ ఉన్నది."

మా వారిది రాశాను. ఇంకా జాగా మిగిలింది. నాన్నదీ రాశాను.