మావయ్యగారి ఎత్తరుగు

గోదావరి ఇంట్లోకొచ్చి గాదెలో ధాన్యం తడిపేసిన ఏడు, నీళ్లు తీయగానే మా మావయ్యగారు ఇల్లు విప్పించి, పునాది ఎత్తుచేసి మళ్లీ కట్టించారు. ఇంటితోపాటు వీధరుగూ లేచింది. పక్కన మనిషి నిలబడితే గుండెల దాకా వచ్చేది. రాజోలు చుట్టుపక్కల అంత అరుగు లేదని ఆయన తెగ మురిసిపోయారు. అప్పటికి నేను కొత్త కోడలిని. గుమ్మం చాటునుంచి అన్నీ చూస్తుండేదాన్ని.

ఎదురింటి పెద్దాయన మావయ్యగారికి చిన్ననాటి స్నేహితుడు. రోజూ సాయంత్రం ఇద్దరూ మా అరుగు మీద చేరి, తాంబూలం నములుతూ ఊళ్లో తగవులన్నీ తీర్చేవారు. కొత్త అరుగు మీదికి ఆయన్ని ఇద్దరు పాలేళ్లు ఎక్కించాల్సి వచ్చింది. ఇలా కూర్చున్నారో లేదో, పురోహితులుగారు వీధిలో వస్తున్నారు. పెద్దలు వెళ్తుంటే అరుగు మీదివాళ్లు దిగి నిలబడాలి కదా. దిగకపోతే ఇక్కడ కాళ్లు సరిగ్గా వాళ్ల గుండెలకెదురుగా వేలాడతాయి. పెద్దాయన మూలుగుతూ దిగేసరికి పురోహితులుగారు మలుపు తిరిగిపోయారు. మళ్లీ ఎక్కారు. ఇంతలో గుడి నుంచి పూజారిగారు.

నాలుగు రోజులకే మోకాళ్ల నొప్పులని కబురంపి ఆయన రావడం మానేశారు. తన అరుగు మీద ఆయన, మా ఎత్తరుగు మీద ఈయన. ఇద్దరికీ చెవులు అంతంత మాత్రం. గుట్టుగా చెప్పుకోవాల్సినవన్నీ వీధంతా వినేది. మొదట నాకు నవ్వొచ్చేది. తరవాత మావయ్యగారు అన్నం ముందునుంచి సగంలో లేచిపోతుంటే జాలేసింది. మీరే అటు వెళ్లొచ్చుగా అని అత్తగారు అంటే, దీపాల వేళ సొంత అరుగు బోసిగా వదిలి ఎవడైనా వెళ్తాడా అని కసిరారు. రానురాను ఆ కేకలూ తగ్గిపోయాయి.

ఒక ఉదయం ఆయన తాపీమేస్త్రిని పిలిపించి, అరుగు కొట్టేయమన్నారు. అరుగు అడ్డు లేక పునాదిలోకి నీళ్లొచ్చి ధాన్యం తడిస్తే తడిసిందన్నారు. అత్తగారు అడ్డుపడి, పెద్దరుగు జోలికి పోకుండా దాని ముందు మోకాలెత్తున చిన్న అరుగు కట్టించారు.

అది ఆరీ ఆరకముందే పెద్దాయన వచ్చి కూర్చున్నారు. మావయ్యగారు కిందికి దిగివచ్చి పక్కన చేరారు.

"మరి ఆ పైది అంతెత్తు ఎందుకు కట్టించేరండీ బావగారూ?"

"వరదకండి."

"వరదొస్తే ఇది మునిగిపోద్ది. అప్పుడు మనం కూర్చునేది ఎక్కడండీ?"

"పైనేనండి. మిమ్మల్ని నేనే ఎక్కిస్తాను. వీధి నిండా నీళ్లుంటే ఎవరూ నడవరు కదండీ, ఇక దిగక్కర్లేదు."

పెద్దాయన తాంబూలం బుగ్గన నొక్కుకున్నారు.

"ఆయ్. అయితే రానివ్వండి గోదారిని" అన్నారు.