బావ కారెక్కిన వాళ్లందరూ చెప్పిన మట్టి

మా బావ ఎయిర్‌పోర్టు క్యాబ్ నడిపే ఆ రోజుల్లో, కారెక్కిన ప్రతి మనిషికీ ఏదో ఒకటి తెలిసే ఉంటుందని మనసారా నమ్మేవాడు. శంషాబాద్‌లో అక్కావాళ్లింట్లో ఉండి డిగ్రీ బోటనీ చదువుతున్న నాకేమో, నాకు తప్ప ఎవరికీ ఏమీ తెలియదని గట్టి నమ్మకం (ఆ వయసు అలాంటిది). పెళ్లయ్యాక అక్క నోరు తెరిచి అడిగింది ఒక్కటే, ఎయిర్‌పోర్టు రోడ్డు పక్కన చూసిన ఊదారంగు నేల ఆర్కిడ్. చెట్లకు వేలాడకుండా మట్టిలోనే పెరిగే మొండి మొక్క అని నర్సరీ అతను భరోసా ఇస్తే బావ తెచ్చాడు. పాపం, అతనికి మా సంగతి తెలియదు.

బావది వ్యవసాయం చేసిన కుటుంబం. నర్సరీ మట్టి మరీ తేలిగ్గా ఉందని దులిపేసి, నల్లమట్టి, పశువుల ఎరువు దట్టించాడు. తొలి వానలకే కుండీలో నీళ్లు నిలిచి ఆకులు పసుపెక్కాయి. ఇక బావ, కారెక్కిన ప్రతివాళ్లనూ అడగడం మొదలుపెట్టాడు. "గా బెంగుళూరు మేడం కొబ్బరి పీచుల పెట్టుమన్నది" అని ఒక వారం పీచు నింపాడు. తర్వాతి వారం, "కేరళ సారు ఇటుక ముక్కలు, ఇసుక అన్నడు. వేర్లకు గాలాడాలెనంట." అస్సాం మిలిటరీ ఆయన మాగిన ఆకులన్నాడని బుద్వేల్ దాకా పోయి బస్తా నింపుకొచ్చాడు. ఇంకెవరో బొగ్గులన్నారని పహాడీ షరీఫ్ దగ్గర కబాబులు కాల్చే ఆయన్ను బతిమాలి బొగ్గులు తెచ్చాడు. మార్చినప్పుడల్లా వేర్లు శుభ్రంగా కడగాలని పట్టుబట్టింది మాత్రం నేనే (పుస్తకంలో ఉంది మరి). పాత మిశ్రమమంతా బాత్రూం వెనక కుప్పలో పడేది.

"పువ్వు అడిగిన గని, దానికి వారం వారం తానం జేపిచ్చి బట్టలు మార్చుమన్లే" అంది అక్క.

చివరికి మొక్క అడుగునుండే దుంపలన్నీ కుళ్లి మెత్తబడి కుండీ ఖాళీ అయింది. అక్క ఆ కుండీని కడిగి బోర్లించింది. అదే మాకు ఎక్కువ కష్టమనిపించింది. బావ ఆ రోజు అన్నం ముట్టలేదు. "ఒక్కటంటె ఒక్కటడిగింది. గదీ బతికియ్యకపోతి" అన్నాడు. నా బోటనీ మీద నాకే సిగ్గేసింది.

మరుసటి వానాకాలం బట్టలారేయడానికి బాత్రూం వెనక్కి వెళ్లిన అక్క, "జర ఇటు రాండ్రి" అని పిలిచింది. మేం దులిపినప్పుడెప్పుడో జారిపడ్డ దుంప ఒకటి ఆ కుప్పలో మొలిచింది. పీచు, ఇటుక ముక్కలు, ఇసుక, ఆకులు, బొగ్గులు అన్నీ కలిసిపోయిన ఆ చెత్తలోంచి నిటారుగా కాడ, దాని చివర ఊదాపూలు. అక్క చేయి తీసుకెళ్లి వాటిమీద పెట్టి మళ్లీ వెనక్కి తీసుకుంది. బావ అక్కడే గొంతుక్కూర్చుని, "అందరు నిజమే చెప్పిన్రు. మనమే ఒక్కల మాట మీద నిలవలే" అన్నాడు.

ఆ సాయంత్రం నంబర్లు వెతికి, సలహా చెప్పిన ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. "మేడం, మీ పీచుతోనే పూసింది." "సారూ, మీ ఇటుక ముక్కలతోనే."

"అందరికీ అబద్ధాలెందుకు బావా?" అన్నాను.

"ఏది అబద్ధం? అండ్ల ఏది లేకున్నా పూసునా, చెప్పు బోటనీ మేడం."

అంత పెద్ద మనసు ఏ పుస్తకం చదివితే వస్తుందో నాకిప్పటికీ తెలియదు.

ఇప్పుడు నేను కాలేజీలో బోటనీ పాఠాలు చెబుతున్నాను. ఆ దుంప పిలకే మా బాల్కనీలోనూ ఉంది. పోయిన వారం ఒక ఆకు పసుపెక్కింది. చేతులు ఒకటే దురద, తీసి మార్చేద్దామని. ఎయిర్‌పోర్టుకు వెళ్తూ, ఎందుకో క్యాబ్ డ్రైవర్నే అడిగేశాను, తమ్ముడూ, నేల ఆర్కిడ్ గురించి నీకేమైనా తెలుసా అని.