లేని వంతెన, లేని మిల్లు

"ఈ పిల్లకి ఊపిరాడకపోతే ఏం చెయ్యాలి పెద్దమ్మా?"

గొంతు పట్టేసి, మొరిగినట్టు దగ్గుతున్న ఏడాది కూతుర్ని భుజాన వేసుకుని రొదియోన్ మళ్ళీ అదే అడిగాడు. పొయ్యి ముందున్న పక్కింటి ఉస్తీన్య తల తిప్పలేదు.

"నువ్వు గది చుట్టూ గిరగిరా తిరిగితే ఆడుతుందా? కూర్చో."

ఉస్తీన్య ఈ ఊళ్ళోనే పుట్టింది. ఉత్తరాలు వచ్చినన్నాళ్ళూ గుమ్మం గుమ్మానికీ పంచింది. ఇప్పుడు పొగ లేచే ఇళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. ఆమె తలలోని ఊళ్ళో మాత్రం ఒక్క ఇటుక కదల్లేదు.

ఫోను మోగింది. పట్నం నుంచి వ్యానులో బయల్దేరిన నర్సు. ఈ వైపుకి కొత్త.

"ఎటు రావాలండీ?"

"మ్యాపులో చుక్క పంపాను, అది చూపిస్తుంది," అని రొదియోన్ అంటూండగానే ఉస్తీన్య ఫోను లాక్కుంది.

"మిల్లు దాటి, గుడ్డి అర్హీప్ కంచె దగ్గర ఎడమకి తిరుగమ్మా."

మిల్లు రొదియోన్ పుట్టకముందే కాలిపోయింది. అర్హీప్ కంచె ఎవరి పొయ్యిలోకో పోయింది.

"ఆ మిల్లు ఎక్కడుంది పెద్దమ్మా?"

"మిల్లున్న చోటే. ఎక్కడికి పోతుంది?"

రసాయనశాస్త్రం చదివిన రొదియోన్ పళ్ళు నూరుకున్నాడు. ఫోను మళ్ళీ మోగింది.

"నది ఒడ్డున ఉన్నానండీ. మీ చుక్క వంతెనెక్కమంటోంది. వంతెన లేదు. మిల్లేదని ఒకాయన్నడిగితే నవ్వి వెళ్ళిపోయాడు."

పోయినేటి వసంతంలో నదిలో కొట్టుకొచ్చిన మంచుగడ్డలు ఆ వంతెనను ఊడ్చుకుపోతుంటే రొదియోన్ ఒడ్డున నిలబడి చూశాడు. అయినా చుక్క పంపాడు.

"నీ ఫోన్లో వంతెన, నా నోట్లో మిల్లు," అంది ఉస్తీన్య. "ఇద్దరికీ కలిపి ఒక్క దారి లేదు. ఇటివ్వు." ఫోన్లోకి అరిచింది: "వెనక్కి తిరిగి పెద్దరోడ్డెక్కు. ఎర్రగుడ్డ కనబడేదాకా రా."

గడ్డి లాగే పొడవాటి పంగలకర్రకి తన ఎర్ర శాలువా కట్టి, కరుగుతున్న మంచునీ బురదనీ తిట్టుకుంటూ పెద్దరోడ్డు దాకా వెళ్ళింది. పాప దగ్గిన ప్రతిసారీ రొదియోన్ కిటికీ దగ్గరికి పరుగెత్తాడు.

చివరికి వ్యాను వచ్చింది. ముందు సీట్లో ఉస్తీన్య, మోకాళ్ళదాకా బురద. నర్సు మందు ఆవిరి పట్టించింది. ఊపిరి తేలికపడి పిల్ల నిద్రపోయింది.

"సీటు పాడుచేశానని దారంతా సణిగింది ఈవిడ," అంది ఉస్తీన్య బూట్లు విప్పుతూ.

ఇప్పుడు ఈ ఊరికి గ్యాసు బండి వచ్చినా, అత్తగారు వచ్చినా రొదియోన్ పెద్దరోడ్డు దాకా నడిచి వెళ్ళి నిలబడతాడు. ఆ రోజు ఉస్తీన్య గుమ్మం దాటుతూ చెప్పిన మాట అదే:

"ఈ ఊరికి దారి చెప్పకు రొదియోన్. ఎదురెళ్ళు."